కాణీకి పన్నెండు సీడీలు: మౌనం ఎంత అంగీకారం?

"మౌనం అర్ధాంగీకారం" అన్న సామెతను చాలామంది "అర్థాంగీకారం" అని రాస్తారు. ముప్పైయేళ్ళకు పైగా పిల్లల జవాబు పత్రాల మీద ఎర్రసిరాతో ఆ అక్షరాన్ని దిద్దుతూ వచ్చాను. అర్థము అంటే భావము, ప్రయోజనము, ధనము. అర్ధము అంటే సగము. ఎదుటివాడు మాట్లాడకుండా ఊరుకుంటే సగం ఒప్పుకున్నట్లు అని మాత్రమే మన పెద్దలు అన్నారు. మిగిలిన సగం అతడు నోరు తెరిచి చెప్పవలసిందే. పెళ్ళిచూపుల్లో పిల్ల తల వంచుకున్నదని ముహూర్తం పెట్టేసిన ఇళ్ళలో తరువాత ఏమి జరిగిందో మనకు తెలియనిది కాదు.

అయితే తప్పుగా రాసిన ఆ "అర్థాంగీకారం"నే నిజం చేసి, అవతలివాడి మౌనాన్ని అక్షరాలా ధనంగా మార్చుకున్న ఒక వ్యాపారం ఉండేది. అమెరికాలో అర్ధశతాబ్దానికి పైగా నడిచిన సంగీత క్లబ్బుల సంగతి నేను చెబుతున్నది. మనం బ్లాగు రాతలను టపాలు అంటున్నాము గదా, ఇది తపాలా బంట్రోతు మోసుకొచ్చిన అసలు టపా కథ. "ఆ క్లబ్బుల్లో చేరడం లాభమా, నష్టమా?" అని ఈ మధ్య మా బంధువుల కుర్రవాడొకడు అడిగాడు. పాత రికార్డుల మీద మోజు మళ్ళీ పెరిగింది. నెలకొక గ్రామఫోను రికార్డును ఇంటికి పంపే చిన్న సంఘాలు అమెరికాలో ఇప్పుడూ ఉన్నాయి. వాటిలో ఒకదానిలో చేరాలని అతడి ఆలోచన. రెండు ముక్కల్లో చెప్పదగిన జవాబు కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

ముందు చరిత్ర. ఈ పద్ధతికి మూలపురుషులు సంగీతంవారు కారు, పుస్తకాలవారు. 1926లో హారీ షెర్మన్ అనే ఆయన న్యూయార్కులో బుక్ ఆఫ్ ద మంత్ క్లబ్ స్థాపించాడు. ఎంపిక సంఘం నెలకొక పుస్తకాన్ని ఎన్నుకుంటుంది, అది సభ్యుల ఇళ్ళకు తపాలాలో చేరుతుంది. కొంతకాలానికే అందులో ఒక మెలిక వచ్చింది. "ఈ నెల పుస్తకం ఫలానాది. వద్దనుకుంటే మాకు తెలియజేయండి. తెలియజేయకపోతే పంపిస్తాము" అన్నారు. కావాలని చెప్పనక్కరలేదు, వద్దని మాత్రం తప్పక చెప్పాలి. ఈ చిన్న తిరకాసే మొత్తం కథకు బీజం.

1955లో కొలంబియా రికార్డుల కంపెనీ ఈ ఎత్తును సంగీతానికి తెచ్చి కొలంబియా రికార్డ్ క్లబ్ పెట్టింది. ఆ ఏడాది చివరికే లక్షమందికి పైగా సభ్యులు చేరారు. మరుసటి సంవత్సరం పంపిణీ కేంద్రాన్ని ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హాట్ అనే ఊరికి మార్చారు. దేశం నడిమధ్యన ఉన్న ఊరు కనుక నాలుగు దిక్కులకూ పార్సెళ్ళు పంపడానికి అనువు. 1984లో అమెరికాలో మొట్టమొదటి సీడీల కర్మాగారం వెలసింది కూడా ఆ ఊరిలోనే. ఆర్.సి.ఎ. కంపెనీవారి పోటీ క్లబ్బు తరువాత జర్మనీకి చెందిన బెర్టెల్స్‌మన్ సంస్థ చేతికి వెళ్ళి బి.ఎమ్.జి. మ్యూజిక్ సర్వీస్ అయింది. దాని కేంద్రం ఇండియానాపొలిస్. అంటే అదే రాష్ట్రం.

పత్రికల్లోనూ ఆదివారం అనుబంధాల్లోనూ వీరి ప్రకటనలు పుటలకు పుటలు నిండి ఉండేవి. బిళ్ళలంత సైజులో ఆల్బముల బొమ్మలు, వాటిని తపాలా బిళ్ళల్లా చింపి కార్డు మీద అతికించుకునే ఏర్పాటు. "ఒక్క పెన్నీకి పన్నెండు సీడీలు" అని పెద్ద అక్షరాలు. పెన్నీ అంటే డాలరులో నూరో వంతు, మన లెక్కలో కాణీ అనుకోండి. కొన్ని ప్రకటనల్లో ఆ నాణేన్ని అతికించి పంపడానికి చోటు కూడా చూపేవారు. చేతిలో నాణెం ఉన్నవాడికి ఆ గుండ్రని చోటు చూస్తే చెయ్యి ఊరుకుంటుందా?

ఇక్కడ ఇంకో మాట గురించి రెండు ముక్కలు. సంస్కృతంలో "ఉచితం" అంటే తగినది, యుక్తమైనది అని అర్థం. సముచితం, అనుచితం అన్న మాటల్లో ఆ అర్థం ఇంకా నిలిచి ఉంది. తెలుగులోకి వచ్చి అది "ఊరకే ఇచ్చేది" అయి కూర్చుంది. దుకాణం ముందు "ఉచితం" అన్న బోర్డు చూసినప్పుడల్లా "ఇది ఉచితమే, కాని ఉచితమా?" అని నాలోని పాతకాలపు పండితుడు అడుగుతూనే ఉంటాడు. క్లబ్బువారి పన్నెండు సీడీలను అడగవలసిన ప్రశ్న కూడా అదే.

సన్నని అక్షరాల్లో ఉన్న షరతులు ఇవి. చేరినవాడు రెండు మూడేళ్ళలో మరి ఆరేడు సీడీలను క్లబ్బు నిర్ణయించిన మామూలు ధరకు కొనాలి. పంపించే ఖర్చులు ఉచితంగా ఇచ్చినవాటితో సహా ప్రతి సీడీకీ వేరు. కొన్ని వారాలకొకసారి ఒక జాబితా, దానితో ఒక కార్డు వస్తాయి. "ఈసారి మా ఎంపిక ఇది" అని అందులో ఉంటుంది. గడువు తేదీలోగా "వద్దు" అని గుర్తు పెట్టి కార్డును తిప్పి పంపకపోతే ఆ సీడీ, దాని వెనుకే బిల్లు, రెండూ గుమ్మంలో ఉంటాయి.

ఇప్పుడు లెక్క వేద్దాం. క్లబ్బులు కాలాన్ని బట్టి ధరలు మార్చేవి గనుక ఒక నమూనా తీసుకుందాం. మొదటి పన్నెండు సీడీలకు ఒక సెంటు. తరువాత కొనవలసిన ఆరు, ఒక్కొక్కటి 16 డాలర్ల చొప్పున 96 డాలర్లు. మొత్తం పద్దెనిమిదింటికీ పంపించే ఖర్చు రెండున్నర డాలర్ల చొప్పున 45 డాలర్లు. వెరసి 141 డాలర్ల ఒక సెంటు. అంటే సీడీ ఒక్కింటికి ఎనిమిది డాలర్లకు కొంచెం తక్కువ. అదే సీడీ బయట అంగడిలో 13 డాలర్లు అనుకుంటే పద్దెనిమిదింటికి 234 డాలర్లు అవుతుంది. క్లబ్బులో చేరినవాడికి 93 డాలర్లు మిగిలాయి. మోసమేమీ లేదు, నికరమైన లాభం.

కాని ఈ లెక్కలో ఒక ఊహ దాగి ఉంది. పద్దెనిమిది సీడీలూ అతడు ఎలాగూ కొనదలచుకున్నవే అనుకున్నాము. నిజానికి కావలసినవి పది మాత్రమే అయి, మిగిలిన ఎనిమిదీ "ఇస్తున్నారు గదా" అని ఏరుకున్నవైతే? ఆ పదింటినీ అంగడిలో కొంటే 130 డాలర్లు. క్లబ్బుకు కట్టినది 141. ఉచితం కోసం వెళ్ళి పదకొండు డాలర్లు ఎదురు ఇచ్చాడన్నమాట. ఈ లెక్క ప్రకారం కనీసం పదకొండు సీడీలు నిజంగా కావలసినవాడికే క్లబ్బు గిట్టుబాటు. ఇక, షరతు తీరిన తరువాత సభ్యత్వం రద్దు చేసుకోకుండా ఊరుకుని, మూడుసార్లు కార్డు పంపడం మరచిపోయాడనుకోండి. పంపించే ఖర్చుతో కలిపి ఒక్కొక్కటి పద్దెనిమిదిన్నర డాలర్ల చొప్పున మరో 55 డాలర్ల 50 సెంట్లు. మొత్తం 196 దాటింది. ఇప్పుడు గిట్టుబాటు కావాలంటే పదహారు సీడీలు నిజంగా కావలసినవై ఉండాలి. మూడు మౌనాలు మొత్తం లాభంలో సగానికి పైగా తినేశాయి.

కాబట్టి ఈ వ్యాపారం ఇచ్చిన పన్నెండింటి మీద ఆధారపడలేదు, రాని కార్డుల మీద ఆధారపడింది. అందరూ రోజుకారోజు "వద్దు" అని రాసి పంపితే, షరతు తీరగానే రద్దు చేసుకుంటే, కాణీకి పన్నెండు ఇచ్చే కంపెనీ ఎన్నాళ్ళు నిలుస్తుంది? మనిషి సోమరితనాన్నీ, మరపునూ, "రేపు చూద్దాంలే" అనే స్వభావాన్నీ ముందుగానే లెక్కలో వేసుకుని కట్టిన మేడ అది.

మా తమ్ముడు 1990ల ఆరంభంలో పై చదువుకు అమెరికా వెళ్ళాడు. నలుగురు తెలుగు కుర్రవాళ్ళు ఒక అద్దె ఇంట్లో ఉండేవారు. వారిలో ఇద్దరు ఒకే వారంలో ఇటువంటి క్లబ్బులో చేరారు, మా తమ్ముడూ, గుంటూరు వైపు నుంచి వచ్చిన అతడి స్నేహితుడూ. పెట్టె విప్పిన రోజు మా తమ్ముడు రాసిన ఉత్తరం నాకు ఇంకా గుర్తుంది. పన్నెండు సీడీల పేర్లూ వరుసగా రాసి, "అన్నయ్యా, ఇక్కడ కాణీ కూడా చెల్లుతుంది" అన్నాడు. ఆ జాబితాల్లో ఎంత వెదికినా కర్ణాటక సంగీతం ఒక్కటీ కనబడలేదని కూడా రాశాడు. ఘంటసాల భగవద్గీత, బాలమురళి కీర్తనలు ఇక్కడినుంచి కాసెట్లలో తీసుకెళ్ళినవే అరిగేదాకా విన్నారు. క్లబ్బు ఇచ్చినవి అమెరికా కుర్రవాళ్ళు వినే పాటలు. వాటిలో తనకు నచ్చినవి నాలుగో ఐదో అని తరువాత చెప్పాడు.

వేసవిలో పని దొరికి అతడు వేరే ఊరు వెళ్ళాడు. కార్డులు పాత చిరునామాకే వెళ్ళాయి. వాటి వెనుక సీడీలు, వాటి వెనుక బిల్లులు, చివరకు బాకీలు వసూలు చేసే సంస్థ నుంచి ఎర్ర అక్షరాల ఉత్తరం. కొత్తగా వచ్చిన విద్యార్థికి ఆ దేశంలో అప్పు ఎగవేసినవాడన్న పేరు పడితే అద్దె ఇల్లు దొరకదేమో, ఇంకేమవుతుందో అన్న భయం. అరవై డాలర్ల దాకా కట్టి బయటపడ్డాడు. అప్పట్లో డాలరు ముప్పై రూపాయల పైచిలుకు. ఆ మొత్తం ఇక్కడ బడిపంతులుగా నాకు వచ్చే నెల జీతంలో సగం దాకా ఉండేది. ఆ సంగతి ఇంట్లో చాలా ఏళ్ళు చెప్పలేదు.

రెండో కుర్రవాడి కథ వేరు. అతడు కార్డు వచ్చిన సాయంత్రమే "వద్దు" అని గుర్తు పెట్టి, మరునాడు బడికి వెళ్ళే దారిలో పెట్టెలో వేసేవాడట. షరతు తీరిన వారంలోనే రద్దు ఉత్తరం రాశాడు. పద్దెనిమిది సీడీలూ ఏరి కోరి తెచ్చుకున్నాడు, ఇప్పటికీ వింటాడట. ఇద్దరూ ఒకే తరగతి, ఒకే తెలివి, ఒకే క్లబ్బు. ఒకడికి లాభం, ఒకడికి నష్టం. తేడా బుద్ధిలో లేదు, చిరునామా మారడంలోనూ అలవాటులోనూ ఉంది. మనిషి ఇల్లు మారినంత మాత్రాన అప్పుపడేలా ఉన్న ఒప్పందం నిష్పాక్షికమైనదేనా అన్నదే నా సందేహం.

ఎదుటి పక్షం వాదన కూడా చెప్పకపోతే తీర్పు ఏకపక్షమవుతుంది. 1950లలో అమెరికాలోని చిన్న ఊళ్ళలో మంచి రికార్డుల దుకాణాలు అరుదు. పొలాల మధ్య ఇల్లు కట్టుకున్న రైతుకు బీథోవెన్ సింఫనీ కావాలంటే ఎన్ని మైళ్ళు వెళ్ళాలి? తపాలా వెళ్ళే ప్రతి ఇంటికీ సంగీతం వెళ్ళగలగడం సామాన్యమైన మేలు కాదు. మన దగ్గరా ఇటువంటి మేలు జరిగింది. పుస్తకాల దుకాణం లేని పల్లెలకు నెలనెలా పుస్తకాలు చేర్చిన ఎమెస్కోవారి ఇంటింటా గ్రంథాలయం వంటి పథకాలను మా తరం మరచిపోలేదు. తపాలా ద్వారా కళ ఇంటికి రావడాన్ని ఆక్షేపించేవాడిని కాను. అది గుమ్మం దాటే పద్ధతిని గురించే నా ఆక్షేపణ.

పాడినవారి సంగతి కూడా ఒకటుంది. క్లబ్బుల ద్వారా అమ్ముడైన ప్రతులకు కళాకారులకు సాధారణంగా తక్కువ రాయల్టీ, తరచుగా మామూలులో సగమే ముట్టేది. ఉచితంగా పంచినవాటికి చాలా ఒప్పందాల ప్రకారం ఏమీ ఉండేది కాదు. అంటే ఆ పన్నెండు సీడీల ఔదార్యంలో ఒక భాగం గాయకుడి జేబులోనిది. అన్నదానం చేసినవాడికి పుణ్యం, బియ్యం మాత్రం పక్కింటివాడివి. సంగీతం మీద ప్రేమతో క్లబ్బులో చేరుతున్నానని అనుకునేవారు ఈ సంగతి కూడా తూకంలో వేసుకోవాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. మౌనం ఒప్పుకోలు అవుతుందా? ఆంగ్లేయుల న్యాయశాస్త్రంలో దీనికి ఒక ప్రసిద్ధమైన కేసు ఉంది. 1862 నాటి ఫెల్ట్‌హౌస్ వర్సెస్ బిండ్లీ. ఒకాయన తన అన్నదమ్ముల బిడ్డ గుర్రాన్ని కొనదలచి, "నీ దగ్గరనుంచి మళ్ళీ కబురు రాకపోతే గుర్రం 30 పౌన్ల 15 షిల్లింగులకు నాదైనట్లే" అనే భావంతో ఉత్తరం రాశాడు. ఆంగ్లంలో పినతండ్రికీ మేనమామకూ ఒకటే మాట, ఆ పేదరికం వారి భాషది. కుర్రవాడు జవాబు రాయలేదు. గుర్రం పొరపాటున వేలంలో అమ్ముడుపోయింది. పెద్దాయన కోర్టుకు వెళ్ళాడు. "జవాబు చెప్పని పాపానికి ఎదుటివాడిని ఒప్పందంలో కట్టిపడేసే హక్కు నీకు లేదు" అన్నది తీర్పు సారాంశం. మన సామెతలోని సగాన్ని కూడా న్యాయస్థానం ఒప్పుకోలేదు.

మరి క్లబ్బులు ఎలా నిలిచాయి? చేరేటప్పుడే సభ్యుడు "నా మౌనాన్ని అంగీకారంగా భావించవచ్చు" అని సంతకం పెట్టాడు గనుక. ఒక్క మాటతో రాబోయే మౌనాలన్నిటినీ తాకట్టు పెట్టాడు. చట్టం దృష్టిలో అది చెల్లుతుంది. అయినా ప్రభుత్వం చూస్తూ ఊరుకోలేదు. అడగకుండా తపాలాలో వచ్చిన సరుకును బహుమతిగా ఉంచుకోవచ్చునని 1970లో అమెరికా చట్టం చేసింది. 1973లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ క్లబ్బుల కోసమే ఒక నియమం తెచ్చింది. ఎన్ని కొనాలో, ఎప్పుడు రద్దు చేసుకోవచ్చో ప్రకటనలోనే స్పష్టంగా చెప్పాలి. కార్డు పంపడానికి సభ్యుడికి కనీసం పది రోజులు గడువు దొరకాలి. దొరకకపోతే వచ్చిన సరుకును క్లబ్బు తన ఖర్చుతో వెనక్కు తీసుకోవాలి. మంచి నియమమే. కాని "వద్దు" అని చెప్పవలసిన భారం మాత్రం కొనేవాడి నెత్తినే ఉండిపోయింది.

దీనికి ఎదురుగా మన వి.పి.పి. పద్ధతిని నిలిపి చూడండి. పుస్తకం కావాలని ఒక కార్డు ముక్క రాసేవాళ్ళం. కొన్నాళ్ళకు పోస్టుమాన్ కట్ట తెచ్చి అరుగు మీద కూర్చునేవాడు. డబ్బు చేతిలో పెడితే కట్ట ఇచ్చేవాడు, ఆ పైకం మనియార్డరుగా ప్రచురణకర్తకు చేరేది. చేతిలో పైకం లేదనో, మనసు మారిందనో అంటే కట్ట వెనక్కు వెళ్ళిపోయేది. అలా వెనక్కు పంపడం ప్రచురణకర్తకు నష్టమే, మర్యాద కూడా కాదు. అయినా ఒక్కటి గమనించండి. అక్కడ మౌనానికి "వద్దు" అనే అర్థం. ఇంట్లో ఎవరూ లేకపోతే, ఊరు వెళ్ళి ఉంటే, జబ్బుపడితే మన మీద అప్పు పుట్టదు. తాళం వేసిన తలుపు ఎవరికీ బాకీ పడదు. అమెరికా క్లబ్బులో తాళం వేసిన తలుపు కూడా కొనుగోలుదారే.

ఆ క్లబ్బులు ఇప్పుడు లేవు. 1999లో నాప్‌స్టర్, 2003లో ఐట్యూన్స్ అంగడి వచ్చిన తరువాత పాట పెట్టెలో రానక్కరలేకపోయింది. 2005లో బి.ఎమ్.జి.వారు కొలంబియా హౌస్‌ను కొన్నారు. 2009 జూన్ నెలాఖరుతో బి.ఎమ్.జి. మ్యూజిక్ సర్వీస్ మూతపడింది. అప్పటికి సినిమా డిస్కుల వ్యాపారంగా మిగిలిన కొలంబియా హౌస్ యజమాని సంస్థ 2015లో దివాలా పిటిషను వేసింది. "పోయినవాటి గురించి ఇంత రాయడమెందుకు మాస్టారూ?" అని మీరు అడగవచ్చు.

పెట్టె పోయింది గాని కిటుకు పోలేదు, అందుకు. నాతోబాటు పనిచేసి విశ్రాంతి తీసుకున్న లెక్కల మాస్టారొకాయన ఉన్నారు. మనుమడు ఆయన ఫోనులో ఏదో పాటల సేవను "మొదటి నెల ఉచితం" అని పెట్టి వెళ్ళాడు. ఆయన నాలుగు రోజులు అన్నమయ్య సంకీర్తనలు విని ఫోను పక్కన పెట్టారు. తొమ్మిది నెలల తరువాత పింఛను ఖాతా పుస్తకం అచ్చు వేయించుకుంటే నెలనెలా వంద చిల్లర చొప్పున కోత కనబడింది. జీవితమంతా చక్రవడ్డీ నేర్పినాయన. డబ్బు కట్ అయ్యే ముందు ఫోనుకు సందేశం రాలేదా అంటే వచ్చింది, రోజుకు వచ్చే పాతిక ముప్పై సందేశాల నడుమ. ఆనాటి కార్డుకు ఇది కొత్త రూపు, అంతే. ఆ కార్డు కనీసం చేతికి తగిలేది, బల్ల మీద కళ్ళ ఎదుట ఉండేది. దీనికి ఆ స్పర్శ కూడా లేదు. వెయ్యి రూపాయలు ఎవరికీ ఆస్తి కాకపోవచ్చు. కాని తన ఖాతాలోనుంచి తనకు తెలియకుండా పోతున్నదని తెలిసిన నాటినుంచి ఆయన ఫోనంటేనే జంకుతున్నారు. మనుమరాలితో వీడియోలో మాట్లాడటానికీ వెనుకాడుతున్నారు. ఆయన పోగొట్టుకున్నది వెయ్యి రూపాయలకన్న పెద్దది.

ప్రభుత్వాలు కొంత చేయకపోలేదు. మన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2021 అక్టోబరు నుంచి ఇటువంటి నెలవారీ కోతకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు తెలియజేయాలి, మానుకునే వీలు చూపాలి. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ప్రకటించిన మార్గదర్శకాల్లో పదమూడు రకాల మాయోపాయాల జాబితా ఉంది. చందా ఉచ్చు వాటిలో ఒకటి. చేరడం తేలిక, బయటపడటం కష్టం చేయడమే ఆ ఉచ్చు. అమెరికాలో చేరినంత తేలికగా మానుకోగలగాలన్న నియమాన్ని 2024 అక్టోబరులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఖరారు చేసింది. 2025 జూలైలో, పూర్తిగా అమలుకు రావడానికి కొద్ది రోజుల ముందు, దాన్ని రూపొందించిన పద్ధతి సరిగా లేదని అప్పీలు కోర్టు కొట్టివేసింది. 1955లో కార్డు ముక్కతో మొదలైన తగవు ఇంకా తెగలేదు.

కాబట్టి మా కుర్రవాడికి నా జవాబు ఇది. నీ మౌనానికి "వద్దు" అని అర్థం చెప్పే క్లబ్బు ఏదైనా సరే నిశ్చింతగా చేరు. నెలకొక మంచి రికార్డు తపాలాలో వస్తుందంటే అది పండుగే. వద్దనుకున్న నెల నీవు ఊరుకుంటే చాలు గదా. నీ మౌనానికి "సరే" అని అర్థం చెప్పే క్లబ్బయితే మాత్రం మూడు పరీక్షలు పెట్టుకో. ఒకటి, చేరకముందే ఒక కాగితం మీద నీకు నిజంగా కావలసినవాటి పేర్లు రాయి, వారి జాబితా చూడకుండా. గిట్టుబాటు సంఖ్య అందులో రాకపోతే చేరవద్దు. రెండు, నీ ఇల్లూ ఉద్యోగమూ స్థిరంగా ఉన్నాయా, వచ్చిన ఉత్తరానికి ఆనాడే జవాబు రాసే అలవాటు ఉందా అని నిన్ను నీవే అడుగు. మూడు, షరతు తీరే తేదీని ఇప్పుడే పంచాంగంలో రాసుకుని, ఆ రోజే రద్దు ఉత్తరం పంపు. మూడింటికీ నిజాయితీగా ఔనని చెప్పగలిగితే లాభం నీదే, గుంటూరు కుర్రవాడిలా. ఒక్కదానికి తడబడినా ఆ పన్నెండింటినీ వదిలి, కావలసిన రెండింటినీ అంగడిలో పూర్తి ధరకు కొనుక్కో. పాడినవాడికీ ఎక్కువ ముడుతుంది, నీకూ నిద్ర పడుతుంది.

మన ఇంట్లో పెద్దవాళ్ళ ఫోనుల్లో ఎన్ని మౌనాలు తాకట్టులో ఉన్నాయో ఈ ఆదివారం ఒకసారి కూర్చుని చూడమని బ్లాగు మిత్రులకు మనవి. ఖాతాలో నెలనెలా కోతపడే చందాల జాబితా తీసి, ఒక్కొక్కటి చదివి వినిపించి, "ఇది కావాలా?" అని అడగండి. వారు ఔనంటేనే ఉంచండి. ఊరుకుంటే తీసేయండి. ఆ సామెతలో ఉన్నది సగమేనని పిల్లలకు నేర్పడానికి అంతకన్న మంచి పాఠం నాకు తోచలేదు.